జవాబు నోటికొస్తుంది, కారణం కాగితంపైకి రాదు: ప్రాథమికోన్నత తరగతుల్లో వాదన నేర్పడం ఎందుకు అవసరం?

వేసవిలో ఒంటిపూట బడులు ఉండాలా, వద్దా? ఏడో తరగతి విద్యార్థిని ఈ ప్రశ్న అడిగితే జవాబు క్షణంలో వస్తుంది. ఎందుకని అడిగితే ఎండ గురించో, ఆటల గురించో ఒకటి రెండు మాటలు కూడా చెబుతాడు. అదే విషయంపై తన అభిప్రాయాన్ని కారణాలతో పది వాక్యాల్లో రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. చాలామంది మొదటి వాక్యాన్నే మాటలు మార్చి రెండుసార్లు రాస్తారు. కొందరు గైడులో చదివిన 'వేసవి కాలం' వ్యాసాన్ని గుర్తు చేసుకొని దించేస్తారు.

దేశంలోని వేల పాఠశాలల్లో ఉపాధ్యాయులకు రోజూ ఎదురయ్యే దృశ్యమిది. పాఠశాల విద్యపై చర్చ సాధారణంగా చదవడం, లెక్కలు చేయడం అనే రెండు నైపుణ్యాల చుట్టూనే తిరుగుతుంది. ఎదుటివారి మాటను విని, అందులో ఆధారం ఎంతో, ఊహ ఎంతో విడదీసి, తన అభిప్రాయాన్ని కారణాలతో రాయగలగడమనే మూడో నైపుణ్యం ఆ చర్చలోకి అరుదుగా వస్తుంది. చదివిన పిల్లవాడిని ఆలోచించే పౌరుడిగా మార్చేది ఈ మూడోదే.

సర్వేలు చెప్పేదేమిటి, చెప్పనిదేమిటి?

'పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్' పేరుతో 2024 డిసెంబరు 4న దేశవ్యాప్తంగా జరిగిన పరీక్షలో 781 జిల్లాల్లోని 74,229 పాఠశాలలకు చెందిన 21 లక్షల మందికి పైగా విద్యార్థులు పాల్గొన్నారు. మూడు, ఆరు, తొమ్మిది తరగతులను ఇందుకు ఎంచుకున్నారు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆరో తరగతిలో భాషలో సగటున 57 శాతం, గణితంలో 46 శాతం సరైన సమాధానాలు వచ్చాయి. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి భాషలో ఇది 54 శాతానికి, గణితంలో 37 శాతానికి పరిమితమైంది. విజ్ఞాన, సాంఘిక శాస్త్రాల్లో 40 శాతం దగ్గరే ఆగిపోయింది. ఇవి వేర్వేరు విద్యార్థి బృందాల ఫలితాలు కనుక ఒకే పిల్లలు వెనకబడ్డారని అనలేం. అయితే తరగతి పెరిగి, పాఠం సంక్లిష్టమయ్యే కొద్దీ విద్యార్థుల పట్టు సడలుతోందన్న సంకేతం స్పష్టంగానే ఉంది.

గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి జరిపే 'అసర్' సర్వే మరో కోణాన్ని చూపుతుంది. 2024 నివేదిక ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నవారిలో 67.5 శాతం మందే రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవగలిగారు. ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇంకా చదవడమే సమస్య. చదవడమే రానివారికి వాదన నేర్పడమేమిటని ఎవరైనా అడిగితే ఆ సందేహాన్ని తోసిపుచ్చలేం.

అయితే ఈ రెండు సర్వేల్లోనూ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఒకదానిలో విద్యార్థి ఇచ్చిన ఐచ్ఛికాల్లోంచి సరైన జవాబును గుర్తించాలి. మరొకదానిలో పాఠాన్ని పైకి చదవాలి. సొంతంగా ఒక పేరా రాయమని, రాసినదానికి కారణం చూపమని ఏదీ అడగదు. కోట్ల మందికి రాత పరీక్ష పెట్టి, మూల్యాంకనం చేయడం ఖర్చుతోను, శ్రమతోను కూడిన పని కనుక ఈ పరిమితి అర్థం చేసుకోదగినదే. కానీ కొలవనిది ప్రణాళికల్లోకి రాదు. ప్రణాళికలో లేనిది తరగతి గదిలో చివరి వరుసకు వెళ్తుంది. పిల్లలు ఎంత బాగా వాదించగలరో, ఎంత బాగా రాయగలరో జాతీయ స్థాయిలో తెలిపే లెక్క ఈ రెండు ప్రధాన సర్వేల్లో లేకపోవడమే ఈ నైపుణ్యానికి దక్కుతున్న ప్రాధాన్యాన్ని చెబుతుంది.

నోటి తెలివి, పుస్తకపు తెలివి

పిల్లలకు వాదించడం రాదనుకుంటే పొరపాటు. క్రికెట్‌లో అవుటా కాదా అన్న తగవు మొదలు, కిరాణా కొట్టులో చిల్లర లెక్క వరకు వారు నిత్యం కారణాలు చూపుతూనే ఉంటారు. ఆ తెలివి తరగతి గదిలోకి, కాగితంపైకి ప్రయాణించకపోవడమే అసలు చిక్కు.

గణితంలో ఇలాంటి అగాధాన్ని అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు నమోదు చేశారు. 2025లో 'నేచర్' పత్రికలో వెలువడిన వారి అధ్యయనం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలను పరిశీలించింది. కూరగాయల బేరంలో క్లిష్టమైన లెక్కలను మనసులోనే చేయగలిగిన పిల్లలు, అంతకంటే తేలికైన లెక్కను పాఠ్యపుస్తకం తీరులో ఇచ్చినప్పుడు తడబడ్డారు. బడికి వెళ్తూ మార్కెట్‌లో పనిచేయని పిల్లలు ఇందుకు విరుద్ధంగా మార్కెట్ లెక్కల్లో వెనకబడ్డారు. రెండు తెలివితేటల మధ్య వంతెన కట్టే పని బడిలో జరగడం లేదన్నది దీని సారాంశం. వాదనకూ ఇదే వర్తిస్తుందని అనుకోవడానికి తగిన కారణాలున్నాయి.

మాటలో ఎదుటి మనిషి ఉంటాడు. అర్థం కానిచోట మళ్లీ అడుగుతాడు, ఒప్పుకోనిచోట అడ్డుపడతాడు. రాతలో ఆ మనిషి కనిపించడు. అతడు ఏ ప్రశ్న వేస్తాడో రాసేవాడే ఊహించి, ముందుగానే జవాబు సిద్ధం చేసుకోవాలి. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసు ఇందుకు తగిన కాలం. ఇతరుల కోణం నుంచి చూడడం, కంటికి కనిపించని విషయాలపై తర్కించడం ఈ దశలోనే బలపడతాయి. జాతీయ విద్యా విధానం 2020 కూడా ఆరు నుంచి ఎనిమిది వరకు ఉన్న తరగతులను ప్రత్యేక దశగా గుర్తించి, విషయాల వారీ బోధన అక్కడే మొదలుకావాలని సూచించింది.

విధానాల్లో ఉంది, పరీక్షలో లేదు

విధాన పత్రాల్లో లోటు పెద్దగా లేదు. విమర్శనాత్మక ఆలోచనకు చోటిచ్చేలా పాఠ్యభారాన్ని తగ్గించాలని విద్యా విధానం చెప్పింది. 2023లో విడుదలైన పాఠశాల విద్య జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం దానికి వివరణ ఇచ్చింది. బట్టీతో గట్టెక్కలేని సామర్థ్య ఆధారిత ప్రశ్నల వాటాను సీబీఎస్‌ఈ 2024-25 నుంచి 11, 12 తరగతుల్లో 40 నుంచి 50 శాతానికి పెంచింది. 2024 డిసెంబరులో కేంద్రం తన ఆధీనంలోని పాఠశాలల్లో 5, 8 తరగతుల విద్యార్థులను అవసరమైతే అదే తరగతిలో ఉంచేందుకు వీలు కల్పించినప్పుడు, ఆ పరీక్షలు జ్ఞాపకశక్తిపై ఆధారపడరాదని నిబంధనల్లోనే పేర్కొంది.

తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లోనూ ఈ ఆలోచన కొత్తది కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక రూపొందిన తెలుగు వాచకాల్లో 'అవగాహన - ప్రతిస్పందన', 'వ్యక్తీకరణ - సృజనాత్మకత' అనే విభాగాలు చేరాయి. రచయిత అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా, కారణాలు రాయండి అనే తరహా ప్రశ్నలు పాఠం చివర కనిపిస్తాయి. అయితే వాటికి కూడా బజారులో గైడులు దొరుకుతాయి. 'మీ అభిప్రాయం' అన్న ప్రశ్నకు ముద్రించిన అభిప్రాయాన్ని నలభై మంది విద్యార్థులు ఒకేలా రాస్తే, అందరికీ మార్కులు పడతాయి. సొంతంగా ఆలోచించి రాసినవాడి భాషలో తప్పులుంటే వాడికే మార్కులు తగ్గుతాయి. విద్యార్థి దీని నుంచి నేర్చుకునే పాఠం చాలా స్పష్టంగా ఉంటుంది.

ఈ అనుభవం భారత్‌కే పరిమితం కాదు. బంగ్లాదేశ్ పదిహేనేళ్ల క్రితమే మాధ్యమిక పరీక్షల్లో 'సృజనాత్మక ప్రశ్నల' పద్ధతిని తెచ్చింది. ఆ ప్రశ్నలకూ గైడులు, కోచింగ్‌లు పుట్టుకొచ్చాయి. 2023లో ఆ దేశం మరో అడుగు వేసి, ఆరు, ఏడు తరగతుల్లో సంప్రదాయ పరీక్షలకు బదులు కృత్యాల ఆధారంగా మూల్యాంకనం చేసే కొత్త పాఠ్యప్రణాళికను ప్రారంభించింది. తల్లిదండ్రుల ఆందోళన, ఉపాధ్యాయుల సన్నద్ధత లోపం మధ్య అది కుంటుపడింది. 2024లో ప్రభుత్వం మారాక పాత ప్రణాళికకే మళ్లారు. ప్రశ్నపత్రాన్ని మార్చినంత మాత్రాన బోధన మారదని, ఉపాధ్యాయుడు, తల్లిదండ్రులు కలిసి రాని సంస్కరణ నిలబడదని దక్షిణాసియాకు ఈ అనుభవం చెబుతోంది.

ఐదు మెట్ల తర్కం

వాదన నేర్పడమంటే పాశ్చాత్య పద్ధతిని దిగుమతి చేసుకోవడమేనన్న అభిప్రాయమూ ఉంది. బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో ప్రతిపాదించిన నమూనా నేడు అనేక దేశాల పాఠశాలలకు ఆధారం. ప్రతిపాదన, దానికి ఆధారం, ఆ రెండింటినీ కలిపే సూత్రం అందులో ప్రధానాంశాలు. అయితే భారతీయ న్యాయ దర్శనం అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వాదనకు ఐదు అవయవాలు చెప్పింది. అవి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండపై నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ. పొగ కనిపించడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని వంటింటి పొయ్యిని చూపడం ఉదాహరణ. ఈ కొండపైనా అలాంటి పొగే ఉందనడం ఉపనయం. కనుక కొండపై నిప్పు ఉందని తేల్చడం నిగమనం.

ఆ సంప్రదాయమే వాదానికీ, జల్పానికీ, వితండానికీ తేడా చూపింది. నిజం తెలుసుకోవడానికి జరిగేది వాదం. గెలవడానికే జరిగేది జల్పం. తన పక్షమేదో నిలబెట్టకుండా ఎదుటివారి మాటను ఖండించడమే పనిగా పెట్టుకుంటే అది వితండం. 'వితండవాదం' అన్న మాట నేటికీ తెలుగువారి నోట వినిపిస్తుంది. టీవీ చర్చల్లోను, సామాజిక మాధ్యమాల్లోను మూడో రకమే ఎక్కువగా చూస్తున్న పిల్లలకు, మొదటి రకం ఎలా ఉంటుందో చూపించే చోటు బడి ఒక్కటే.

రాతలో వాదించిన వారసత్వమూ తెలుగుకు ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో ప్రారంభించిన 'వివేకవర్ధని' పత్రిక సంఘ సంస్కరణ వాదాలకు వేదికైంది. గిడుగు రామమూర్తి వ్యావహారిక భాష కోసం ఏళ్ల తరబడి సాగించిన పోరు ప్రధానంగా ఆధారాలు సేకరించి, ప్రత్యర్థుల అభ్యంతరాలకు ఒక్కొక్కటిగా జవాబిచ్చిన పోరు. వారి జయంతులను పాఠశాలలు జరుపుకుంటున్నాయి. వారి వాదనా పద్ధతిని పాఠంగా చేసుకుంటే ఆ స్మరణకు మరింత అర్థం వస్తుంది.

తరగతి గదిలో ఎలా?

ఒంటిపూట బడుల ప్రశ్ననే తీసుకుందాం. దీనికి కొత్త పుస్తకం గాని, కంప్యూటర్ గాని అక్కర్లేదు. మొదటి రోజు విద్యార్థులు తమ అభిప్రాయాన్ని ఒక్క వాక్యంలో రాస్తారు. రెండో రోజు ఆధారాలు వెతుకుతారు. తరగతి గదిలో మధ్యాహ్నం పన్నెండుకు, రెండుకు ఉష్ణోగ్రత ఎంత? హాజరు పట్టిక ప్రకారం ఏప్రిల్‌లో హాజరు పెరిగిందా, తగ్గిందా? మంచినీరు ఎన్ని గంటల వరకు అందుబాటులో ఉంది? కొందరు ఉష్ణోగ్రత నమోదు చేస్తారు, మరికొందరు హాజరు పట్టిక చూస్తారు, ఇంకొందరు ఇంట్లో పెద్దలను అడుగుతారు.

మూడో రోజు అసలు పాఠం మొదలవుతుంది. ఒంటిపూట బడి కావాలన్నవారు ఆ రోజు వద్దనే పక్షాన మాట్లాడాలి. అప్పుడే ఎవరో ఒక విద్యార్థి ఒక చిక్కును బయటపెడతాడు. అమ్మానాన్నలు పొలానికో కూలికో వెళ్లిన ఇంట్లో, మధ్యాహ్నం ఇంటికొచ్చిన చిన్నపిల్లలను ఎవరు చూసుకోవాలి? ఎండలో చెరువుల వైపు వెళ్తే? ఎండ తీవ్రత గురించే ఆలోచించిన తరగతికి ఇది కొత్త కోణం. ఇప్పుడు విద్యార్థి తన మొదటి వాక్యాన్ని సవరించుకోవాలి. ఒంటిపూట బడి ఉండాలని రాసినవాడు 'భోజనం తర్వాత ఇష్టమున్నవారు గ్రంథాలయ గదిలో ఉండే వీలుంటే' అన్న షరతు చేరుస్తాడు. అభిప్రాయాన్ని మార్చుకోవడం ఓటమి కాదని, ఆధారం బలపడిన కొద్దీ మాట పదునెక్కుతుందని అతడు తెలుసుకునేది ఇక్కడే.

నాలుగో రోజు రాయడం. ఒక వాక్యంలో అభిప్రాయం, రెండు మూడు వాక్యాల్లో ఆధారం, ఆ ఆధారం అభిప్రాయాన్ని ఎలా బలపరుస్తుందో ఒక వాక్యం, ఎదుటి పక్షం చెప్పే బలమైన మాట ఒకటి, దానికి జవాబు, ముగింపు. ఐదో రోజు పక్క విద్యార్థి రాసినదాన్ని చదివి, 'ఇది నీకెలా తెలుసు?' అన్న ప్రశ్న ఎక్కడ అడగాలనిపిస్తే అక్కడ గీత గీయాలి. నలభై నోటుపుస్తకాలు దిద్దే భారం ఉపాధ్యాయుడిపై దీనితో కొంత తగ్గుతుంది. ఇంకా ధారాళంగా చదవలేని విద్యార్థి సైతం నోటితో వాదించి, ఆధారం సేకరించి, రెండు వాక్యాలతో మొదలుపెట్టగలడు. రాయాల్సిన అవసరం కలిగినప్పుడు చదవడంపై ఆసక్తి పెరుగుతుంది. అందువల్ల చదవడం వచ్చేదాకా ఆలోచన నేర్పడాన్ని వాయిదా వేయనక్కర్లేదు.

ఫలితం ఉంటుందా?

ఉంటుందనడానికి దేశంలోనే ఆధారాలున్నాయి. బిహార్‌లో ప్రభుత్వ సహకారంతో 583 గ్రామాల్లో 13,500 మందికి పైగా కౌమార వయస్కులతో జరిగిన ప్రయోగం ఫలితాలు 2025లో వెలువడ్డాయి. తప్పుడు సమాచారాన్ని గుర్తించడంపై కొన్ని వారాల పాటు తరగతులు నడిపితే, పాల్గొన్నవారు నిజాన్ని, అబద్ధాన్ని వేరుచేయడంలో మెరుగయ్యారు. ఆ ప్రభావం నెలల తర్వాత కూడా నిలిచింది. కుటుంబసభ్యులకూ కొంత మేలు చేకూరింది. కేరళలోని కన్నూర్ జిల్లాలో 2018లో దాదాపు 150 ప్రభుత్వ పాఠశాలల్లో మొదలైన 'సత్యమేవ జయతే' కార్యక్రమం తర్వాత రాష్ట్రమంతటా లక్షల మంది విద్యార్థులకు చేరింది.

ఈ అవసరం ఎంత తీవ్రమైందో 2018 చూపింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులు నమ్మి, పలు రాష్ట్రాల్లో జనం గుమికూడి అమాయకులను కొట్టి చంపారు. 'ఇది నీకెలా తెలుసు?' అని ఆ గుంపులో ఒక్కరు గట్టిగా అడిగి ఉంటే కొన్ని ప్రాణాలైనా దక్కేవేమో. అసర్ 2024 ప్రకారం గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల వారిలో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం తెలుసు. వారిలో 76 శాతం మంది అంతకుముందు వారంలో సామాజిక మాధ్యమాల కోసం, 57 శాతం మంది చదువు కోసం దాన్ని వాడారు. సందేశాల ప్రవాహం ఇప్పటికే పిల్లల చేతిలో ఉంది. దాన్ని జల్లెడ పట్టే అలవాటే ఇంకా అందాల్సి ఉంది.

కృత్రిమ మేధ ఈ సవాలును మరింత పెంచింది. అడిగిన క్షణంలో చక్కని వ్యాసం రాసిచ్చే ఉపకరణం ఫోన్‌లోనే ఉన్నప్పుడు, అందమైన వ్యాసానికి విలువ తగ్గి, ఆ వ్యాసంలో ఏది నిలుస్తుంది, ఏది నిలవదు అని తేల్చగల సామర్థ్యానికి విలువ పెరుగుతుంది. 2026-27 విద్యాసంవత్సరం నుంచి మూడో తరగతి నుంచే కృత్రిమ మేధను పాఠ్యాంశంగా ప్రవేశపెట్టనున్నట్లు కేంద్రం 2025లో ప్రకటించింది. యంత్రం ఇచ్చిన జవాబును ప్రశ్నించడం అందులో భాగం కాకపోతే, బట్టీకి కొత్త సాధనం దొరికినట్లే అవుతుంది.

అడ్డంకులు మూడు

మొదటిది ఉపాధ్యాయుల కొరత, భారం. 2024-25 యూడైస్ వివరాల ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడితో నడిచే పాఠశాలలు 1,04,125. ఇవి అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. వీటిలో ఎక్కువ ప్రాథమిక పాఠశాలలే అయినా, అక్కడ పునాది బలహీనపడితే ఆ ప్రభావం ఆరో తరగతిలో కనిపిస్తుంది. శిక్షణలోనూ చర్చను నడిపించడం, వాదనకు మార్కులు వేయడం అనే అంశాలకు తగిన చోటు దక్కాలి.

రెండోది భాష. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఆంగ్ల మాధ్యమం ప్రవేశించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ దిశగా మార్పులు వచ్చాయి. ఒక పుటలో ఆంగ్లం, ఎదుటి పుటలో తెలుగు ఉన్న ద్విభాషా పుస్తకాలు రెండు రాష్ట్రాల్లోనూ విద్యార్థులకు అందాయి. మాధ్యమంపై వాదోపవాదాలు ఎలా ఉన్నా, ఆలోచించే భాష ఒకటి, రాయాల్సిన భాష మరొకటి అయినప్పుడు పిల్లవాడు తాను అనుకున్నది వదిలి, తనకు వచ్చిన వాక్యమే రాస్తాడు. చర్చ, మొదటి చిత్తుప్రతి తెలుగులో సాగి, తర్వాత ఆంగ్లంలోకి వెళ్లే వెసులుబాటు ఉంటే ద్విభాషా పుస్తకాలకు నిజమైన ప్రయోజనం దక్కుతుంది.

మూడోది కంటికి కనిపించనిది. మన ఇళ్లలోను, బడుల్లోను 'ఎదురు చెప్పడం' తప్పు. ఎందుకని అడిగిన పిల్లవాడికి మొండివాడన్న పేరొస్తుంది. ఆడపిల్ల అడిగితే ఆ పేరు మరింత త్వరగా వస్తుంది. కులం, మతం, రాజకీయాల వంటి అంశాలు చర్చకు వస్తే తల్లిదండ్రుల నుంచి, అధికారుల నుంచి ఒత్తిడి వస్తుందన్న భయం ఉపాధ్యాయులకూ ఉంది. అందుకే ఊరి చెరువు, మధ్యాహ్న భోజనం, ఆటస్థలం, బస్సు వేళల వంటి దగ్గరి విషయాలతో మొదలుపెట్టడం మేలు. మనిషిని కాకుండా మాటను ప్రశ్నించడం మర్యాదకు భంగం కాదని అక్కడ అలవాటైతే, కష్టమైన విషయాలను తర్వాత ప్రశాంతంగా చర్చించగలుగుతారు.

చేయదగినవి

ఇందుకు భారీ పథకాలు అవసరం లేదు. ప్రాథమికోన్నత తరగతుల భాష, సాంఘిక శాస్త్ర పరీక్షల్లో ముందుగా చూడని ఒక చిన్న భాగం ఇచ్చి, దానిపై కారణాలతో అభిప్రాయం రాయించే ప్రశ్న ఒక్కటి తప్పనిసరి చేయవచ్చు. అభిప్రాయం ఏదైనా సరే, ఆధారానికి, దాన్ని అన్వయించిన తీరుకు, ఎదుటి వాదనకు ఇచ్చిన జవాబుకు విడివిడిగా మార్కులు ఉండాలి. పాఠశాల సముదాయ సమావేశాల్లో ఉపాధ్యాయులు విద్యార్థుల రాతలను కలిసి చదివి, మార్కులపై ఒక అవగాహనకు రావచ్చు. జాతీయ సర్వేల్లో కొద్దిమంది విద్యార్థులతోనైనా రాత పరీక్ష నిర్వహిస్తే దేశం ఎక్కడుందో తెలుస్తుంది.

శాస్త్రీయ దృక్పథాన్ని, పరిశీలనా తత్త్వాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణ చెబుతోంది. విధిగా చెప్పినదాన్ని ఎలా పాటించాలో నేర్పే బాధ్యత బడిది. నేడు ఎనిమిదో తరగతిలో ఉన్న విద్యార్థి మరో ఐదేళ్లలో ఓటరు. అప్పటికి అతడి ముందు వాగ్దానాలు ఉంటాయి, వదంతులు ఉంటాయి, గంటకో వీడియో ఉంటుంది. వాటిలో ఏది నమ్మాలో ఎవరూ పక్కన కూర్చొని చెప్పరు. ఒంటిపూట బడి గురించి రాసిన ఆ పది వాక్యాలు ఆనాడు అతడికి అక్కరకొస్తాయి.